పడ్డాక బండి దాకా పరుగు

భావనపాడు ఒడ్డున, ఇసకలో బోర్లించి పెట్టిన ఓ ఫైబర్ పడవ నీడలో నలుగురు గుంటలు కూర్చుని ఉన్నారు. ఫోన్ ఒక్కడి చేతిలోనే ఉంది గానీ తలలు నాలుగూ దాని మీదే వాలి ఉన్నాయి. తెర మీద ఎర్ర కారొకటి పోతోంది. ఎదురొచ్చే బళ్లను వెంట్రుకవాసిలో తప్పించుకుంటూ పోయి పోయి, చివరికి ఓ లారీని ఎదురుగా గుద్దింది. ఆ క్షణాన బొమ్మ నెమ్మదించింది. కారు లేచి, గాల్లోనే రెండు పల్టీలు కొట్టి, డోరు ఓ పక్కకీ చక్రం ఓ పక్కకీ విసిరేసుకుంటూ రెయిలింగ్ అవతల పడింది. నలుగురూ గొల్లున నవ్వారు.

"ఎగిరిపోనాది! ఎగిరిపోనాదిరా!"

"ఓడిపోయి నవ్వుతారేంట్రా?" అన్నాను.

ఫోన్ పట్టుకున్నవాడు నా అజ్ఞానానికి జాలిపడ్డట్టు చూశాడు. "ఓడిపోనేదు మేస్టారూ. గుద్దీసినాను."

నేను టెక్కలిలో ఫిజిక్స్ చెప్పి బతికినవాణ్ణి. అభిఘాతాల పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ద్రవ్యవేగం నిలిచి ఉంటుంది, గతిశక్తి నిలవచ్చు నిలవకపోవచ్చు అని రెండు గోళాలు గీసి చూపిస్తే వెనక బెంచీలు ఆవలించేవి. గోళాలు గుద్దుకుంటే ఎవరూ నవ్వలేదు. ఆ రోజు తేలినీలాపురంలో గూడబాతుల్ని చూసి, అటునుంచి అటే సముద్రానికి వచ్చాను. పక్షుల మాట మర్చిపోయి ఆ గుంటడి మాట పట్టుకుని ఇంటికెళ్లాను. ఓడిపోవడం వేరు, గుద్దడం వేరు అంటున్నాడు వాడు. పందెం ఆటలో బండి తుక్కు కావడమే జనానికి ఎందుకంత ఇష్టం?

ఈ ఇష్టం మా ఊళ్లకు ఫోన్లతో రాలేదు. నెట్ సెంటర్లతో వచ్చింది. 2000 తర్వాత టెక్కలి, పలాస, శ్రీకాకుళం లాంటి చోట్ల పరీక్ష ఫలితాలు చూపించడానికీ ఈమెయిళ్లు పంపించడానికీ పుట్టిన ఆ ఇరుకు గదుల్లో, చెక్క అరల మధ్య కూర్చున్న కుర్రాళ్లలో సగం మంది ఆడేది ఒక్కటే ఆట, రోడ్ రాష్. 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ సెగా యంత్రం కోసం చేసిన ఆట అది. 1996లో విండోస్ కంప్యూటర్లకు వచ్చింది. మన దగ్గరికి చేరేసరికి పుట్టినచోట పాతబడిపోయింది, ఇక్కడ మాత్రం అప్పుడే కోసిన ముంజలా ఉంది. కాలిఫోర్నియా రోడ్ల మీద మోటారు సైకిళ్ల పందెం. పక్కవాణ్ణి కాలితో తన్నొచ్చు, వాడి చేతిలో గొలుసు లాక్కుని వాడినే కొట్టొచ్చు. పోలీసు పట్టుకుంటే జరిమానా, బండి పూర్తిగా పోతే రిపేరు ఖర్చు.

నా విద్యార్థుల్ని అడిగితే పందెం ఎన్నిసార్లు గెలిచారో ఒక్కడూ చెప్పలేడు. పడటం మాత్రం అందరికీ గుర్తే. కారుకు తగిలితే మనిషి బండి మీంచి లేచిపోయేవాడు. బండి ఓ దిక్కు, వాడో దిక్కు. అంత దూరం జారి, దొర్లి, ఆగాక ఏం చేసేవాడనుకున్నారు? లేచి, తన బండి ఎక్కడుందో అక్కడికి రోడ్డు వెంట పరుగెత్తేవాడు. వెనకబడిన వాళ్లంతా పక్క నుంచి దూసుకుపోతుంటే బూట్లు టపటపలాడించుకుంటూ పరుగు. నెట్ సెంటర్‌లో నేనూ ఒకసారి చూశాను, ఆడుతున్నవాడి వెనక నలుగురు నిలబడి "పరిగెట్టరా, పరిగెట్టు" అని వాడికి దారి చెబుతున్నారు. ఆ పరుగును మనసులో ఉంచుకోండి. ఈ అధ్యాయం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

రేసు ఆటల్లో మొదట్లో గుద్దుకోవడం శిక్షే. 1982లో నామ్‌కో చేసిన పోల్ పొజిషన్‌లో కారు దేనికైనా తగిలితే భగ్గున పేలిపోయేది, ఆటగాడికి దక్కేది పోయిన క్షణాలు మాత్రమే. 1986 నాటి అవుట్ రన్‌లో కారు పల్టీ కొడితే లోపలి మనుషులు బయటికొచ్చి పడేవారు. శిక్షే గానీ చూడ్డానికి సరదాగా ఉండేది. ఆ సరదాను శిక్షలోంచి విడదీసి అమ్మకానికి పెట్టడానికి మరో పదేళ్లు పట్టింది. 1995లో ఇంగ్లండు నుంచి డిస్ట్రక్షన్ డెర్బీ వచ్చింది, గుద్దిన దెబ్బలకే పాయింట్లు. 2001లో క్రైటీరియన్ సంస్థ బర్నవుట్ అనే వరస మొదలుపెట్టింది. దాని రెండో ఆటలో, 2002లో, పందెమే లేని ఒక విభాగం పెట్టారు. ఎదురుగా రద్దీ కూడలి ఉంటుంది, నీ కారును అందులోకి తోలు, ఎంత నష్టం చేస్తే అంత మార్కు, నష్టం డాలర్లలో లెక్క. 2004లో ఫిన్లండు వాళ్లు ఫ్లాట్‌అవుట్ తెచ్చి ఇంకో మెట్టెక్కారు. అందులో డ్రైవరే అద్దం పగలగొట్టుకుని ఎగిరిపోతాడు, వాణ్ణి ఎంత ఎత్తుకు విసరగలవన్నది ఒక పోటీ.

ఇక్కడో తమాషా ఉంది. ఇలాంటి ఆటల్లో చాలావాటిలో నిజం కంపెనీల కార్లుండవు. తన కారు నుజ్జునుజ్జయి తెర మీద కనబడటం ఏ కంపెనీకి ఇష్టం? అసలు కార్లను వెంట్రుక కూడా తేడా రాకుండా చూపించిన గ్రాన్ టురిస్మో 1997లో మొదలైతే, ఆ వరసలో కారుకు సొట్ట పడటం చూడటానికి 2010 దాకా, అయిదో ఆట దాకా ఆగాల్సి వచ్చింది. బర్నవుట్ వాళ్లు పేరూ ఊరూ లేని కార్లు కల్పించుకుని హాయిగా పగలగొట్టుకున్నారు. మన ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు పదేళ్ల పాటు దీపావళి చిచ్చుబుడ్లలా లేచిపోయినా ఆ బండి అమ్మకాలకేమీ ఢోకా రాలేదు. కంపెనీల భయం కాస్త ఎక్కువేనేమో.

ఇక మన ఒంటి సంగతి. మన మీదికి ఏదైనా దూసుకొస్తుంటే కంటిలో దాని బొమ్మ పెరుగుతుంది. మొదట నెమ్మదిగా, చివర్లో ఒక్కసారిగా. ఈ పెరుగుదలను గుర్తుపట్టే ఏర్పాటు జంతువుల్లో చాలా పాతది. 1962లో షిఫ్, కేవినెస్, గిబ్సన్ అనే పరిశోధకులు రీసస్ కోతుల ముందు తెర పెట్టి దాని మీద ఒక నీడను గబగబా పెద్దది చేశారు. నీడే, మరేం లేదు. కోతులు వెనక్కి దూకాయి. అదే నీడను చిన్నది చేస్తూ పోతే అలా బెదరలేదు. మిడతలో అయితే ఈ పని చూసే ఒక పెద్ద నాడీకణమే ఉంది. క్లెయిర్ రిండ్, పీటర్ సిమన్స్ 1992లో ప్రచురించిన ప్రయోగంలో మిడతల్ని కూర్చోబెట్టి స్టార్ వార్స్ సినిమా ముక్కలు చూపించారు. ఓడలు మీదికి వస్తున్నప్పుడల్లా ఆ కణం సంకేతాలు దడదడలాడాయి. దీనికి 2005లో ఇగ్నోబెల్ కూడా ఇచ్చారు. నవ్వుకోవడానికి ఇచ్చే బహుమతే గానీ ఆ పని ఆషామాషీది కాదు. గుంపుగా ఎగిరే మిడతలు గుద్దుకోకుండా ఎలా పోతాయో తెలిస్తే కార్లకు ఆ తెలివి నేర్పొచ్చు.

ఎడిన్‌బరోలో డేవిడ్ లీ అనే మనస్తత్వవేత్త 1976లో ఇంకో సంగతి బయటపెట్టాడు. ఎదురొచ్చేదాని దూరం మనకు తెలియనక్కర్లేదు, వేగమూ తెలియనక్కర్లేదు. కంటిలో బొమ్మ ఎంతుందో, అది ఎంత వేగంగా పెరుగుతోందో చాలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే తగలడానికి ఇంకెన్ని క్షణాలున్నాయో వచ్చేస్తుంది. 1981లో ఆయనే, పాల్ రెడ్డిష్‌తో కలిసి, సముద్రంలోకి నిలువునా దూకే గానెట్ పక్షులు నీటిని తాకే ముందు రెక్కలు ఎప్పుడు ముడుచుకుంటాయో లెక్కగట్టాడు. పిట్ట భాగహారం చెయ్యదు, దాని కన్ను చేస్తుంది.

భావనపాడు తెప్ప మనిషి కూడా అదే చేస్తాడు. ఒడ్డు నుంచి లోపలికి పోవాలంటే కెరటం విరిగే చోటు దాటాలి. అల ఎత్తు, అక్కడున్న నీటి లోతులో అయిదింట నాలుగు వంతులకు చేరేసరికి అల తనను తాను మోయలేక విరుగుతుంది. ఆ విరిగే గోడ కింద పడవ అడ్డంగా దొరికిందా, తిరగబడినట్టే. ముందు నిలబడినవాడు వచ్చేదాన్ని చూస్తుంటాడు. దూరం ఎంత, వేగం ఎంత అని అడిగితే నవ్వుతాడు. "ఇప్పుడు" అంటాడు, అంతే. ఆ "ఇప్పుడు" ఒక్క అర క్షణం తప్పినా పడవలో ఉన్నవాళ్లంతా నీళ్లలో ఉంటారు.

రేసు ఆట చేసేవాళ్లు పట్టుకున్నది ఈ గంటనే, జీవుల లోపల కోట్ల ఏళ్లుగా వేలాడుతున్న ఈ గంటను. కెమెరాను నేల దగ్గరికి దించుతారు. రోడ్డు పక్కన స్తంభాలు, చెట్లు, బోర్డులు దగ్గరదగ్గరగా పాతుతారు, అవి రెండు పక్కలా విచ్చుకుంటూ వెనక్కి పోతుంటే వేగం పుడుతుంది. వేగం పెరిగే కొద్దీ చూపు కోణాన్ని వెడల్పు చేస్తారు. ఎదురు లారీ అరచేతిలో గోరంత ఉన్నది ఒక్క క్షణంలో తెరంతా అవుతుంది. మిడతలో మోగిన గంటే మనలోనూ మోగుతుంది. బొటనవేలు బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. తర్వాత ఢాం. ఆ తర్వాత ఏమీ లేదు. చెయ్యి విరగలేదు, ఇంట్లో చెప్పాల్సిన పనీ లేదు.

ఈ "ఏమీ లేదు" చాలా ముఖ్యం. మైకేల్ ఆప్టర్ అనే మనస్తత్వవేత్త దీనికి రక్షణ చట్రం అని పేరు పెట్టాడు. పులి లేని బోను చూడ్డానికి ఎవరూ పోరు. బోను లేని పులిని చూస్తే ప్రాణం పోతుంది. పులీ బోనూ రెండూ ఉన్నప్పుడే విశాఖ జూలో ఆదివారం పూట జనం ఎగబడతారు. ఒంటికి మాత్రం భయానికీ హుషారుకీ పెద్ద తేడా లేదు. గుండె ఒకేలా కొట్టుకుంటుంది. చట్రం ఉందని నమ్మితే ఆ దడనే మనసు ఆనందంగా చదువుకుంటుంది.

ఎగ్జిబిషన్‌లో డాషింగ్ కార్లు అంతే కదా. అమెరికాలో 1920ల్లో అవి మొదలైనప్పుడు స్టోరర్ కుటుంబం వాళ్లు తమ బండికి డాడ్జెమ్ అని పేరు పెట్టారు, అంటే ఎదుటివాళ్ల నుంచి తప్పించుకో అని. తప్పించుకోవడానికి ఎవడు టికెట్ కొంటాడు? మనవాళ్లు పెట్టుకున్న పేరే సత్యం చెబుతోంది.

అయితే చట్రం ఒక్కదానితో ఆ గుంటడి జవాబు తేలదు. భయం తప్పినందుకు ఊరట ఉండొచ్చు, నవ్వెందుకు? దీనికి దగ్గరగా వచ్చే ప్రయోగం ఒకటి ఫిన్లండులో జరిగింది. నిక్లాస్ రావయా బృందం 36 మంది చేత సూపర్ మంకీ బాల్ 2 అనే ఆట ఆడించింది. గోళంలో ఉన్న కోతిని పలక మీద దొర్లించుకుంటూ పోవాలి, అంచు దాటితే అగాధంలోకి. ఆడుతున్నవాళ్ల ముఖం మీద, బుగ్గ కండరం దగ్గరా కంటి చుట్టూ కనుబొమ మీదా తీగలు అతికించి ఏది ఎప్పుడు కదిలిందో చూశారు. బుగ్గ, కంటి చుట్టూ కండరాలు నవ్వుకు, కనుబొమది చిరాకుకు. 2005లో వాళ్లు చెప్పిన ఫలితం అందర్నీ ఆశ్చర్యపరిచింది. కోతి అగాధంలో పడిన క్షణాన నవ్వు కండరాలే కదిలాయి. ఓడిన క్షణాన! కానీ అదే పతనాన్ని యంత్రం వెంటనే మళ్లీ చూపించినప్పుడు ఆ నవ్వు లేదు, ముఖం దిగాలుపడింది.

రెండింటికీ తేడా ఏమిటి? పడింది అదే కోతి, చూసింది అదే మనిషి. మొదటిసారి ఆట వాడి చేతిలో ఉంది. రెండోసారి చేతులు ఖాళీగా పెట్టుకుని తన తప్పును చూడాల్సి వచ్చింది. ఈ ప్రయోగం సంగతి బర్నవుట్ చేసినవాళ్లకు అప్పటికి తెలిసి ఉండే అవకాశం లేదు, ఏడాది ముందే వాళ్ల మూడో ఆట బయటికొచ్చేసింది. అయినా పనివాడి చేతికి తెలిసింది. కారు గుద్దుకున్నాక బొమ్మను నెమ్మది చేశారు, నెమ్మది చేసి ఊరుకోలేదు. గాల్లో తేలుతున్న ఆ తుక్కును కాస్త అటూ ఇటూ తిప్పే వీలు ఆటగాడికే ఇచ్చారు, దాన్ని ఆఫ్టర్‌టచ్ అన్నారు. పోయిన బండిని పక్క పోటీదారు మీదకు తిప్పి వాడినీ పడగొడితే మళ్లీ వేగం దక్కుతుంది. అంటే చచ్చిన కారుకు కూడా స్టీరింగ్ ఉంది. ఇది చూసిన రోజున నాకు రోడ్ రాష్‌లో పరుగు అర్థమైంది. వాడు పడిపోయి అక్కడే ఉండిపోతే అది ఓటమి. లేచి పరుగెత్తుతున్నాడు కాబట్టి ఆట ఇంకా వాడిదే.

నెమ్మదించడం గురించీ ఒక మాట. నిజంగా పడిపోతున్నప్పుడు కాలం సాగిపోయినట్టుంటుందని చాలామంది చెబుతారు. డేవిడ్ ఈగిల్‌మన్, ఆయన సహచరులు 2007లో దీన్ని తేల్చడానికి మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వెల్లకిలా వల మీదకు వదిలిపెట్టారు. చేతికి ఒక చిన్న తెర కట్టి, దాని మీద మామూలుగా చదవలేనంత వేగంగా అంకెలు మార్చారు. కాలం నిజంగా నెమ్మదిస్తే అంకెలు కనబడాలి. కనబడలేదు. కానీ పడ్డాక అడిగితే, ఇతరులు పడిన సమయం కంటే తాము పడిన సమయాన్ని సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. భయంలో చూపు పదును పెరగలేదు, జ్ఞాపకం చిక్కబడింది. ఆట ఈ వరస తిరగేస్తుంది. రేపు గుర్తుచేసుకున్నప్పుడు ఎలా అనిపిస్తుందో ఇప్పుడే అలా చూపిస్తుంది. కళ్ల ముందు జరుగుతుండగానే అది జ్ఞాపకంలా ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ ఒడ్డుకు రండి. ఆ పడవకు పది అడుగుల అవతల ఒక తాత వల బాగుచేస్తున్నాడు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగలాగి, చేతిలో దారం చుట్టిన ప్లాస్టిక్ సూదితో చిరిగిన కన్ను దగ్గర ముడి వేస్తున్నాడు. సూది ఒక కంట్లోంచి పైకి, పక్క దాని కిందుగా, ఒక మెలిక, ఒక బిగింపు. ముడి పడ్డాక వేలితో ఒకసారి లాగి చూస్తాడు. అలా లాగినప్పుడల్లా ఆ ఒక్క ముడే కదలదు, చుట్టూ జానెడు మేర వలంతా కాస్త ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటుంది. చేప తగిలింది ఇక్కడేనా అని అడిగితే "ఇక్కడ కాదు మేస్టారూ" అన్నాడు, తగిలింది అటు పక్కనట. బరువు ముడి నుంచి ముడికి పాకి, ఎక్కడ దారం పాతబడిందో అక్కడ తెగింది.

కంప్యూటర్‌లో కారును విరగ్గొట్టడం అచ్చంగా ఇదే పని. పాత ఆటల్లో కారు ఒక గట్టి పెట్టె. దేనికైనా తగిలిందా లేదా, తగిలితే ఎటు తిరగాలి, ఇంతే లెక్క. సొట్ట పడ్డ బొమ్మను ముందే గీసి పెట్టుకుని సమయానికి మార్చేవారు. జర్మనీలోని బ్రెమెన్ నుంచి వచ్చిన బీమ్ఎన్‌జీ డ్రైవ్ అనే ఆట ఆ పద్ధతి మానేసింది. అందులో కారంటే వందల ముడులు, వాటిని కలిపే వేల దారాలు. ప్రతి ముడికీ బరువుంటుంది, ప్రతి దారానికీ ఎంత సాగాలో, ఎంత లాగితే వంగి అలాగే ఉండిపోవాలో, ఎంతకు తెగాలో రాసి ఉంటుంది. సెకనుకు 2,000 సార్లు ఆ దారాలన్నింటిలో లాగుడు లెక్కేసి ముడుల్ని జరుపుతారు. గుద్దిన చోటు బంపరే అయినా డోరు పట్టేసినట్టు ఎవరూ బొమ్మ గీయలేదు, బరువు పాకి అక్కడ వంగింది. ఏ రెండు గుద్దుళ్లూ ఒకేలా ఉండవు. జనం ఈ ఆటలో పందేలు కూడా మానేసి, ఒకే కారును వంద రకాలుగా గోడకు కొట్టి చూస్తుంటారు. నాకది తప్పుగా అనిపించదు. నా ల్యాబ్‌లో పిల్లలు అంత ఇష్టంగా ఒక్క ప్రయోగం చేసి ఉంటే నేను సంతోషంగా రిటైరయ్యేవాణ్ణి.

వంగే ఇనుము ప్రాణం కాపాడుతుందన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడం అంటే 14 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడినట్టు. ఉద్దానం వాళ్లకు మీటర్లు చెప్పనక్కర్లేదు, నిండుగా పెరిగిన కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర నుంచి అనుకోండి. వేగం రెట్టింపయితే ఎత్తు నాలుగింతలు. 120 దగ్గర అది 57 మీటర్లు, అంత పొడుగు కొబ్బరిచెట్టు ఎక్కడా లేదు. అదే 60 వేగంలో ఉన్న మనిషి అయిదు సెంటీమీటర్లలో ఆగాలంటే తన బరువుకు 280 రెట్లకు పైగా బలం ఒంటి మీద పడుతుంది. కారు ముక్కు నలిగి, బెల్టు పట్టి, అర మీటరు మేర ఆపగలిగితే అది 28 రెట్లకు దిగుతుంది. 1954లో అమెరికా సైనిక వైద్యుడు జాన్ స్టాప్ రాకెట్ బండిలో గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగం దాటి, 1.4 సెకన్లలో ఆగి, 46 రెట్లు భరించి బతికి బయటపడ్డాడు. కారు ముక్కు కావాలని నలిగేలా చెయ్యాలన్న ఆలోచనకు మెర్సిడెస్ ఇంజనీరు బేలా బారెన్యి 1950ల మొదట్లో పేటెంటు తీసుకున్నాడు, 1959లో అది రోడ్డెక్కింది. తెర మీద తుక్కయ్యే కారును చూసి నవ్వుతున్న గుంటలు అంత నలిగితేనే మంచిదని తెలియకుండానే ఒప్పుకుంటున్నారు.

ఇదంతా కొత్త పిచ్చి అనేవాళ్లకు బొంగరాలాట గుర్తు చేస్తాను. ఓడినవాడి బొంగరాన్ని గీత మధ్యలో పెట్టి, గెలిచినవాళ్లు తమ ములికితో గుచ్చి గుచ్చి దానికి గాట్లు పెట్టేవారు. చీలిపోతే ఆ రోజంతా అదే కబురు. ఇసకలో కాలు పెట్టి, పైన తడి ఇసక కప్పి, కాలు మెల్లగా లాగితే పిచ్చుక గూడు. కట్టడానికి అంత ఓర్పు పట్టిన పిల్లే, పక్కపిల్ల తన్నేలోపు తానే తన్నేస్తుంది. జర్మన్ పండితుడు కార్ల్ గ్రోస్ 1899లోనే మనిషి ఆటల మీద పుస్తకం రాసి, ఒక పనికి తానే కారణం కావడంలో పిల్లలకు ఒక ప్రత్యేకమైన సంతోషం ఉంటుందన్నాడు. చిన్న కదలికకు పెద్ద ఫలితం వస్తే ఆ సంతోషం ఇంకా ఎక్కువ. బొటనవేలు అంగుళం జరిగితే ఒక లారీ, మూడు కార్లు, ఒక పెట్రోలు ట్యాంకరు. ఇంత లాభసాటి బేరం ఇంకెక్కడుంది?

బేరం ఎక్కడ చెడుతుందో కూడా చూడాలి. మా ఊళ్ల మీదుగా పోయే పాత 5వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 16వ నంబరు. రాత్రిపూట దాని మీద బైకు తోలిన ఎవరికైనా ఎదురు లైట్లు తెరంతా అయ్యే ఆ అర క్షణం తెలుసు. 2022 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆట నేర్పిన దుడుకు రోడ్డెక్కుతుందా అన్నది జర్మనీలో పీటర్ ఫిషర్ బృందం పరిశీలించి 2007లో ప్రచురించింది. రేసు ఆట ఆడిన వెంటనే కొందరు యువకులు, ఓవర్‌టేక్ లాంటి సన్నివేశాల వీడియోలు చూపినప్పుడు, ఇక చాలు అని వెనక్కి తగ్గడానికి ఎక్కువ సమయం తీసుకున్నారు. ఇది తెర ముందు జరిగిన పరీక్ష, రోడ్డు మీద కాదు. ఆడిన వెంటనే ఉండే ఆ వేడి ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. ఆట వల్లే చస్తున్నారని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. చట్రం తెర అంచు దగ్గర ఆగిపోయిందని ఒంటికి చెప్పేవాళ్లు లేరని మాత్రం అంటాను. తాళం చెవి తిప్పే ముందు అయిదు నిమిషాలు టీ తాగమని మా అబ్బాయికి చెబుతుంటాను. వింటాడా?

ఆ సాయంత్రం నేను లేవబోతుంటే లోపల్నుంచి ఒక పడవ వస్తోంది. గుంటలు ఫోన్ ఆపి నిలబడ్డారు. ఇంజన్ శబ్దం సన్నబడింది, కెరటం వెనకే ఆగింది పడవ, ఒకటి పోనిచ్చింది, రెండోదీ పోనిచ్చింది, మూడోదాని వీపెక్కి జారుకుంటూ ఇసక మీదకు వచ్చి దబ్బున ఆగింది. గుంటలకు అందులో వింత ఏమీ కనబడలేదు. వాళ్ల నాన్నలు రోజూ చేసేదే.

"పాత కర్ర తెప్పైతే బోల్తాపడినా మునగదు, తిప్పుకుని ఎక్కీడమే" అన్నాడు వల తాత. "ఇప్పుడు ఇంజను ఉప్పునీళ్లు తాగిందా, అయిపోనాది."

ఫోన్ గుంటడు కాసేపు కెరటం వైపే చూసి, "మేస్టారూ, తెప్ప తిరగబడే ఆట ఎవుడూ చెయ్యనేదేటి?" అన్నాడు.

"నువ్వు చెయ్యి."

"సేస్తే, తిరగబడ్డాక తెప్ప ఎక్కడ ఎట్టాల? ఒడ్డునా, కెరటం అవతలా?"

"ఒడ్డునే" అన్నాడొకడు. "మళ్లీ మొదల్నుంచి రావాల."

"అవతల ఎడితే మజా ఏటుందిరా? నీళ్లలో ఎట్టు. ఈతకొట్టి పట్టుకుంతాడు."

"తెడ్డో?"

"తెడ్డు కొట్టుకుపోద్ది. ముందు దాన్ని ఎతుక్కోవాల."

చీకటి పడేదాకా ఆ నలుగురికీ అది తేలలేదు.